పోగు

లైసెన్సు కాగితంలో పేరు దగ్గర
టైపింగ్ సెంటర్ కుర్రాడు ఆగిపోయాడు.
అరబీలో 'ప' లేదట.
మా 'పోగు' కాస్తా 'బోగు' అయి
ముద్ర వేయించుకుని బయటికొచ్చింది.
నా సంగతీ అంతే కదా,
పోశవ్వను.
ఈ దేశంలో పదకొండేళ్లుగా బోశవ్వను.

పోగంటే ఏమిటని అడిగాడు.
దారం అన్నాను.
ఏరి కుప్ప వేయడం కూడా అన్నాను.
మూడో అర్థం చెప్పలేదు.
చెవిపోగులు రెండూ రోలా బజారులో తూకానికి పెట్టి
జూకీ మిషన్‌ని మూడంతస్తులు మోయించిన సంగతి
అతని ఫారంలో ఏ గడిలోనూ పట్టదు.

అజ్మాన్‌లో మా గది కింద కెఫెటీరియా.
బట్టలకు పరోటా వాసన పడుతుందని
కిటికీ సందుల్లో పీలికలు కుక్కాం.
గులాం రసూల్ పొద్దున్నే సైకిలేసుకుని
అబాయాల కొట్ల వెనక వాకిళ్లు తిరిగి
కత్తిరింపులు తెస్తాడు.
అన్నీ నలుపే.
నలుపంటే ఒకటే అనుకునేదాన్ని.
బాల్కనీ ఎండలో పరిస్తే తెలిసింది:
మినుముల నలుపు, కాకిరెక్క నలుపు,
తడిసిన రేగడి నలుపు,
ఏళ్ల తరబడి కాగిన సర్వ అడుగు నలుపు.
పక్కపక్కన పెట్టి కుడితే
చీకట్లో ఇంకో చీకటి కనబడుతుంది.

లస్మక్క క్యాంపు నుంచి
పాత కవరాల్ డ్రెస్సులు తెస్తుంది,
నీలం వెలిసి, మోకాళ్ల దగ్గర తెల్లబడ్డవి.
జేబులు తిప్పి చూడటం నా పని.
ఓ స్క్రూ, ఎండిన ఖర్జూరపు గింజ,
గీకేసిన రీచార్జి కార్డు.
ఒకసారి తెలుగులో రాసిన లెక్క:
మిత్తి పద్నాలుగు, పాప ఫీజు తొమ్మిది, నాకు రెండు.
ఆ జేబును విప్పలేదు.
చీటీ చీటీలాగే ఉంచి సంచి లోపల కుట్టేశాను.
ఎవరు కొన్నారో, చెయ్యి పెడితే తగులుతుంది.

మాల్‌లో బల్ల వేసినప్పుడు
మారిసెల్ నేర్పింది ఆ మాట, సస్టెయినబుల్.
నాలుక మడతపడి నాలుగుసార్లు అన్నాను.
మా ఇంట్లో దానికి పేరు లేదు.
లేకపోవడాన్ని ఎవరూ ముద్దుపేరు పెట్టి పిలవరు.

అక్కడికే వచ్చాడు హోటల్ మనిషి.
సంచి తిప్పి చూసి ముచ్చటపడ్డాడు.
ఆరొందలు కావాలన్నాడు,
అతుకు దగ్గర అతుకు, వెంట్రుకవాసి తేడా లేకుండా.
పీలికలు కవలలు పుట్టవు సార్ అన్నాను.
కొత్త తాను కొని పీలికలు చేయండి అన్నాడు.
అతను నవ్వలేదు.
నేనూ నవ్వలేదు.
పదో తారీకున అద్దె చెక్కు ఉంది.
మారిసెల్ వీసాకు పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

గులాం రసూల్ బల్ల మీద కొత్త బట్ట విప్పాడు.
ముప్పై ఏళ్లు కత్తెర పట్టిన చెయ్యి
మొదటి కోత ఎక్కడ పెట్టాలో తెలియక
గాలిలో కాసేపు ఆగింది.
"ఇది ఇంకా దేన్నుంచీ మిగల్లేదు కదా దీదీ"
అన్నాడు.
కోయమన్నాను.

నేనే కోయమన్నాను.

పాతగుడ్డ అని రాసిన మా చీటీ మాత్రం
ఆ ఆరొందలకు కుట్టలేదు.
చీటీ లేకపోతే రేటులో మూడోవంతు కోత అన్నాడు.
ఆ కోతకూ సరేనన్నాను.
అద్దె అయింది. వీసా అయింది.
నూట పది దిర్హాములు మిగిలాయి,
పీలికలు కోస్తుంటే రాలిన పీలికలు
ఓ సంచెడు.

వాటికి చీటీ కుట్టొచ్చా?
అవి మిగిలినవేనా, మేం మిగిల్చినవా?
ఇంకా తేలలేదు.
మిషన్ కిందే ఉంది సంచి.
కుట్టేటప్పుడు ఎడమకాలు దాని మీద పెట్టుకుంటాను.
కాస్త ఎత్తుగా, మెత్తగా,
ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది.