విశ్రాంతి అని రాసింది

ఆదోనిలో, జిన్నింగు మిల్లు వెనక సందు,
మేడమీది జిమ్ములో
పదకొండు మంది పిల్లకాయల మణికట్లకు
నా సెన్సార్లు కట్టాను.
అగ్గిపెట్టెలో సగం ఉంటుంది ఒక్కోటి.
సెకనుకు వందసార్లు
ఎటు కదిలావు, ఎటు కదిలావు అని అడుగుతుంది.

చాంద్‌బాషా నూట ఇరవై కిలోల కడ్డీని
నేలమీంచి లేపాడు.
మెడనరాలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి.
చేతులు మాత్రం కొక్కేల్లా వేలాడాయంతే.
లెక్క వచ్చింది: నాలుగు కేలరీలు.
ఆ తర్వాత బెంచీ మీద కూర్చుని
బుడ్డలు వొలుచుకుంటూ
ఎమ్మిగనూరు బస్సులో సీటు కోసం జరిగిన కొట్లాట
చేతులు తిప్పి తిప్పి చెప్పాడు.
తొమ్మిది.

అందరూ నవ్వారు. నేను కాస్త తక్కువ నవ్వాను,
మార్చిలోగా థీసిస్ ఇవ్వాల్సింది నేనే గనక.

"బరువు మోసేవాళ్లు కావాలంటే
మార్కెట్ యార్డుకు పో అక్కా" అన్నాడు.
"మేం డబ్బులిచ్చి ఎత్తుతాం,
వాళ్లకు డబ్బులిచ్చి ఎత్తిస్తారు."

ఉరుకుందప్పకు యాభై దాటాయి.
ఊపిరి కొలిచే ముసుగు తగిలిస్తే
"ఎద్దుకు చిక్కం కట్టినట్టుండాదే" అన్నాడు.
మణికట్టుకొకటి, నడుముకొకటి, చీలమండకొకటి.
పత్తి బోరెం వీపుకెక్కింది.
లారీ ఇంకో రెండడుగులు వెనక్కి రావాలి,
డ్రైవరేమో టీకి పోయాడు.

దించితే మళ్లీ ఎత్తడానికి ఇద్దరు కావాలి.
దించలేదు.
మోకాళ్లు కాస్త వంచి
నిలబడ్డాడు.
ముక్కు కొసన చెమటచుక్క
ఆగి, ఆగి, పడింది.
నాలుగు నిమిషాల పదహారు సెకన్లు.

తెరమీద గీత
ఎండాకాలపు హగరిలా చదునుగా పోతోంది.
కింద అక్షరాలు వెలిగాయి:
విశ్రాంతి.

"ఏమంటాది మేడమ్మా, నీ గడియారం?"
చెప్పాను.
"బరువు తెల్దా దానికి?"
"కదిలితేనే తెలుస్తుంది."
తుండుతో మెడ తుడుచుకుని
"మా మేస్త్రీ మాదిరే" అన్నాడు.

ఆయనకు ఆయన లెక్క ఉంది.
పొద్దున రెండు రొట్టెలు, పగటికి మూడు.
బోరేలు యాభై దాటిన దినం
రాత్రికి ఇంకోటి.
ఎన్ని మోసినాడో ఆయన చెప్పడు.
వాకిట్లో చెప్పులు విడిచే చప్పుడు విని
గౌరమ్మ జొన్నపిండి తీసుకుంటుంది.

ఏ ఫైల్లో పెట్టను ఆ చప్పుడు?

హాస్టల్లో ఒంటిగంట.
ఫ్యాను కిందే ఉక్క.
ఆ నాలుగు నిమిషాల పదహారు సెకన్ల పక్కన
విశ్రాంతిని చెరిపేశాను.
ఖాళీ గడిలో కర్సరు కొట్టుకుంటోంది.
చాలాసేపు చూసి
ఓపిక అని కొట్టాను.

మా ఇంట్లో ఎవరైనా ఓపిక లేదంటే
ఒంట్లోనా, మనసులోనా అని
ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఈ పేరు జాబితాలో లేదు, అంది కంప్యూటరు.
మళ్లీ కొట్టాను.