చెక్కుబంది

ఈ వీధి ఎట్లాంటిదో
నాకు చెప్పొచ్చినాడు బ్రోకరు చెంగల్రాయులు.
"ఎమ్మార్‌పల్లి అంటే ఏమనుకుంటివమ్మా,
ఈడ ఖాళీ జాగా అనే మాటే లేదు.
ఒకరు లేస్తేనే ఇంగొకరికి తావు."
తలూపినా.
ఇరవై రెండేండ్లుగా ఈ మూల మీదే
కానుగ చెట్టు కింద బొగ్గులు రాజేస్తా ఉండాను.

ఏ ఇంట్లో ఎవరు చిక్కిపోయినారో
జాకెట్టుకు కొత్తగా పడిన కుట్టు చెప్తాది.
మేడ మీద లెక్చరరు సారు రిటైరైన సంగతి
చుట్టాలకన్నా ముందు నాకే తెలిసింది:
ఆ సోమవారం చొక్కాలు రాలేదు.

అమ్మేది హేమావతమ్మ, కింద పోర్షను.
పన్నెండు అంకణాలు.
నేనొచ్చిన కొత్తలో అంకణం నాలుగు వేలు,
అప్పుడు ఆ నాలుగు వేలూ లేవు.
ఇప్పుడు లక్షా అరవై అంటా ఉంటే
నవ్వొచ్చింది,
ఏడుపుని దాటి ఆ పక్కకు పోయిన నవ్వు.

"బస్టాండు దగ్గర. దినం మార్చి దినం నీళ్ళు.
మిద్దె ఎక్కితే కొండ."
ఎక్కినాం.
కొండ ఉండాల్సిన తావులో
ఎవరిదో అపార్టుమెంటు, నీళ్ళ ట్యాంకు,
తీగ మీద ఆరేసిన పిల్లల నిక్కర్లు.
చెంగల్రాయులు తొణకలా.
"ఇట్లా వంగి చూడు, సందులోంచి."
చూస్తిని. జానెడు కొండ.
ఘాటురోడ్డు మలుపులో బస్సు లైటొకటి
వెలిగి, ఆరి.
"ఈ జానెడుకి కూడా రేటు కట్టినారా?"
కట్టినారు.

బేరం మాత్రం నా చేతికొచ్చింది.
"ఉత్తరం గోడ చెమ్మ గదమ్మా" అంటి లోపలికి పోకుండానే.
హేమావతమ్మ బిత్తరపోయింది.
ప్రతి వానాకాలం ఆ గదిలో దుప్పట్లు
ఏ వాసనతో నా బల్ల మీదికి వచ్చేటివో
ఆమెకెట్లా తెలుస్తాది?
ఇరవై వేలు తగ్గింది.
మిగిలింది రెండు చీటీలు, మా అమ్మ కమ్మలు,
పదిహేనేండ్ల బ్యాంకు లోను.

రిజిస్ట్రారాఫీసు ముందర, వేపచెట్టు నీడన
దస్తావేజు రాసేటాయన అడిగినాడు:
"కొనేవాళ్ళ వృత్తి?"
మా గుణశేఖరు "వ్యాపారం" అన్నాడు.
నేను "ఇస్త్రీ" అంటిని.
ఆయన మమ్మల్నిద్దర్నీ చూసి
"గృహిణి" అని రాసుకున్నాడు.
ఆ తర్వాత చెక్కుబంది చదివినాడు, మంత్రం మాదిరి,
తూర్పు మునిసిపాలిటీ రోడ్డు, పడమర కాలువ,
ఉత్తరం కామన్ సందు,
దక్షిణం రంగధామం గారి ఇల్లు.

ఆటోలో వస్తా ఉంటే తట్టింది.
రంగధామం గారు ఎప్పుడన్నా అమ్ముకుంటే
ఆయన కాగితంలో రాయాల గదా,
ఉత్తరం: గజలక్ష్మి ఇల్లు.
నా పేరు ఒకరికి హద్దు.
గుణశేఖరుకి చెప్పలా. వాడు కంతులు లెక్కేస్తా ఉండాడు.

రెండు నెలలు పోయినాక
అసోసియేషను సెక్రటరీ సారు వచ్చినాడు.
"మన వీధి" అన్నాడు.
ఆ నోట్లో ఆ మాట నేను వినడం అదే మొదలు.
మూల మీద బండ్లు తీసేయాలని కమిషనరుకి అర్జీ.
బండ్లుంటే రేట్లు పడిపోతాయంట.
పద్నాలుగో నంబరు: గజలక్ష్మి, ఓనరు.
పక్కన సంతకానికి ఖాళీ.
"నీ బండి సంగతి కాదమ్మా,
ఆ దొరసామి బజ్జీలూ, సోడాలవాడూ.
నీది గేటు లోపలికి లాక్కోవచ్చు గదా ఇప్పుడు."

ఆయన చొక్కా నిన్న నేను మడిచిందే.
రెండో గుండీ దగ్గర రవ్వంత కాలిన మచ్చ,
అది నా తప్పు, ఆయన ఇంకా చూసుకోలా.

కాగితం జేబులో నాలుగు మడతలు పడి నలిగింది.
తీసుకుని బల్ల మీద పరిచినా.
పెట్టెలో బూడిద ఊది, వేడి చెయ్యి దగ్గర చూసుకుని
ఆ కొస నుంచి ఈ కొసకి ఒకసారి,
మళ్ళా ఒకసారి.
అవతల దొరసామి బాణలిలో చిటపట మొదలైంది.

"మడతలు పోయినాయి సార్" అని ఇచ్చేస్తిని.
ఆయన ఆ ఖాళీ వైపు చూసి, నా వైపు చూసి
జేబు తడుముకున్నాడు.
కాగితానికి ఎంత తీసుకోవాలో
నేనింకా రేటు పెట్టలా.