వెంట్రుకవాసి

మానియాగోలో ఫిబ్రవరి ఉదయం.
కొండ దిగిన చలి కార్ఖానా తలుపు తోసుకుని
నాకంటే ముందొచ్చి బల్ల దగ్గర కూర్చుంటుంది.
చేతితొడుగులు తీసెయ్ లివియో, వేళ్లు గుడ్డివైపోతాయి.
అరచేతులు రుద్దుకో.
ఇక్కడ మొదటి కొలబద్ద చర్మమే.

ఈ అలుగు చూడు.
కరిగిన ఉక్కుని తుంపరగా చిమ్మి
జల్లెడ పట్టిన పిండిలా చేసి
మళ్లీ ఒత్తి ముద్ద కట్టారు, ఎక్కడో ఉత్తరాన.
మన కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటి నారింజపండైంది.
చల్లారింది అనుకునేలోపే
పొగలు కక్కే నత్రజనిలో రాత్రంతా మునిగింది.
ఇన్ని పడ్డాక దానికి కాస్త పొగరుంటుంది.
ఉండనీ.

పిడి టైటానియం.
సముద్రపు ఉప్పుకి లొంగదు గానీ
ఉక్కుతో రాసుకుంటే చాలు, అంటుకుని వదలదు.
అందుకే తాళం ఆనే చోట
గోళ్లరంగంత పలచగా కార్బైడు పూత.
ఇరుసుకి అటొకటి ఇటొకటి కంచు బిళ్లలు.
గాజుపలక మీద గరుకుకాగితం పరిచి
ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పు,
నీ మొహం అందులో మసగ్గా కనబడేదాకా.
స్పష్టంగా కనబడితే ఎక్కువ తిప్పావని.

వెంట్రుకవాసి అంటారు జనం,
అంతకంటే దగ్గర లేనట్టు.
నా తలవెంట్రుక తెంపి కొలిచాను ఒకసారి:
అరవై ఎనిమిది మైక్రాన్లు.
మా లెక్కలో అది రాజవీధి,
ఏనుగు వెనక్కి తిరగొచ్చు.

ఇప్పుడు తెరువు.
ఆ టక్కులో రెండు చప్పుళ్లు వినబడితే
మొత్తం విప్పెయ్.
నాకు నేర్పిన ఒడోరికోకి
సానచక్రాల ముందు నలభై ఏళ్లకి చెవులు పోయాయి.
పిడిని పళ్ల మధ్య కరిచి పట్టుకుని
అలుగు తెరిచేవాడు, కళ్లు మూసుకుని.
దవడ ఎముకతో అబద్ధం ఆడలేవు, అనేవాడు.
ఆయన పంటిగాటు పడ్డ కత్తొకటి
నా సొరుగులో ఉంది. అమ్మకానికి కాదు.

ఇంకో సంగతి.
పదకొండేళ్ల కిందట, డిసెంబరు, పండగ ఆర్డర్లు,
ఒడోరికో ఆసుపత్రిలో.
నూట నలభై మూడో నంబరు.
మూసి దీపానికెత్తి చూస్తే
అలుగుకి ఎడమ పక్క వెలుతురు సన్నం,
కుడి పక్క ఇంకాస్త సన్నం.
తాకడం లేదు. ఒరుసుకోవడం లేదు.
ఏ యంత్రమూ తప్పు పట్టలేదు.
సాయంత్రం బండి వాకిట్లో హారన్ కొడుతోంది.
సంతకం పెట్టాను.

కొన్నాయన ఒసాకాలో పళ్ల డాక్టరు.
ఇంత చక్కటి వస్తువు తన చేతికి రాలేదని ఉత్తరం రాశాడు,
పియర్ పండు చెక్కుతున్న ఫొటో జతచేసి.
తొక్క తెగకుండా ఒకటే రిబ్బనుగా వేలాడుతోంది.
నేను పండుని చూడలేదు,
భూతద్దం పెట్టి ఇరుసుని చూశాను.
తిట్టి ఉంటే బాగుండేది.
తిరిగి పంపి ఉంటే ఒక్క పూటలో సరిచేసేదాన్ని.
ఇప్పటికీ కొన్ని రాత్రులు
ఎక్కడో ఒక జేబులో అది మూసుకున్న చప్పుడుకి
నాకు మెలకువ వస్తుంది.

నవ్వకు.

ఆదివారం మా ఇంటికి రా.
పోలెంతాని రాగికుండలోంచి చెక్కపీట మీద బోర్లిస్తాను.
దాన్ని మేం కత్తితో కొయ్యం, దారంతో కోస్తాం.
మా అమ్మా అంతే, వాళ్లమ్మా అంతే,
కత్తులు తప్ప మరో పని తెలియని ఊళ్లో.
రెండు కొసలూ పట్టి లాగితే
ఒక ముక్క లావు, ఒకటి బక్క.
మా చెల్లెలి పిల్లలు లావుదాని కోసం కొట్టుకుంటారు.
ఆ పీట దగ్గర నేనేదీ కొలవను.
ఒట్టు.

సరే, ఆ మర అందుకో.
పావు చుట్టు బిగించు.
ఆగు.
అందులో సగం.