రెండు పెట్టెలు

యోయెన్సూ ఊరి చివర దుకాణంలో
గాజుబల్ల మీద రెండు పెట్టెలు పెట్టి
కాఫీ కలపడానికి లోపలికెళ్ళింది పిర్క్కో.
నా జేబులో ఒకదానికే డబ్బుంది.

మొదటిది తూటా వేగం చెబుతుంది.
దాని రెండు కళ్ళ మీదుగా దూసుకుపోతే చాలు:
సెకనుకి మూడువందల నలభై మీటర్లు,
మూడువందల ముప్పై ఆరు, మళ్ళీ నలభై ఒకటి.
మబ్బుపట్టిన రోజున చూపు బాగుంటుందట,
మంచు మీద ఎండ కాస్తే తికమకపడుతుందట.
పోయిన మార్చిలో కాలెర్వో
గురి కాస్త దించి దాన్నే కాల్చేశాడు.
క్లబ్బు గోడకి ఇంకా వేలాడుతోంది, నుదుట చిల్లుతో.

రెండోది అరచేతిలో ఇమిడిపోతుంది.
ఒక్కసారి కూస్తుంది. తర్వాతంతా వినడమే.
పక్క వరస మోతని కూడా నా ఖాతాలో రాసేస్తుంది,
దాని చెవి కాస్త తగ్గించుకోవాలి.

మనసు మొదటిదాని మీదే.
తూటా తొందర మందుదీ గొట్టానిదీ,
తేడా వస్తే త్రాసుని తిట్టుకోవచ్చు.

"ఇది కూడా ఓసారి చూడు" అంది పిర్క్కో.
వెనక షెడ్డులో నిలబడ్డాను.
కూతకీ నా మొదటి దెబ్బకీ నడుమ
రెండు సెకన్ల మీద ముప్పై ఒకటి.

నాకు తెలిసి నేను ఆగలేదు.
ఆ కాసేపట్లో తూటా అయితే
సరస్సు సగం దాటేసి ఉండేది.
మరి నేనెక్కడున్నాను?

"చలికి, వేళ్ళు..." అన్నాను.
పిర్క్కో ఏమీ అనలేదు.
చల్లారిన కాఫీ పారబోసి మళ్ళీ పోసింది.

తిరుగు బస్సులో
చిన్న పెట్టె నా ఒళ్ళో ఉంది.
బ్యాటరీ ఇంకా వెయ్యలేదు.