పన్నెండు గళ్ళ ఫారం

పైనుంచి చిత్తూరికి కాగితమొచ్చింది.
లైసెన్సు రెన్యువలుకి ఇకమీదట
ఇంకో రెండు రుజువులు చూపాల,
పుట్టిన తేదీకి ఒకటి, ఉండే ఇంటికి ఒకటి.
దీనివల్ల ఖర్చెంతో
సోమవారం లోపల రాసి పంపమన్నారు.

ఆఫీసులో లెక్క తెలిసిన మనిషిని నేనేనంట.
సరే, కూర్చున్నా.

ఒక్కో ఫైలుకి మూడు నిమిషాలు జాస్తి.
రోజుకి నూట నలభై ఫైళ్ళు.
అంటే ఏడు గంటలు,
అంటే ఒక మనిషి, ఒక కుర్చీ.
ఆ మనిషి తాగే టీ లెక్కలోకి రాదు.
స్కానరు ఒకటి. ఇనుప బీరువాలు రెండు,
గ్రీంస్‌పేటలో కొటేషను తెప్పించినా.
మొత్తం నాలుగు లక్షల పద్దెనిమిది వేలు.
పన్నెండు గళ్ళూ నిండినాయి.
కింద గీత గీసి, దాని కింద ఇంకో గీత గీసి
పెన్నుకి మూత పెడతా ఉంటే

కిటికీ కాడ చెంగల్రాయుడు.

బంగారుపాళెం మనిషి, టెంపో తోల్తాడు.
చేతుల నిండా తోతాపురి సొన మరకలు.
"పాత లైసెన్సులో ఉండే తేదీ
డ్రైవింగ్ స్కూలాయన ఊరికే వేసింది మేడం.
రుజువు కావాలంటే మాయమ్మను అడిగినా.
బెల్లం గానుగ ఆడతా ఉండారంట,
పాకం పొంగే టయానికి నేను పడినానంట.
అది ఏ తేదీకొస్తుందో నువ్వే చూడు."

పాకానికి తేదీ లేదు నాయనా, అనినా.
నోటరీ దగ్గరికి పో, అనినా.

పొయ్యొచ్చినాడు. మళ్ళా వచ్చినాడు.
ఇంటి ఓనరు సంతకం పెట్టనన్నాడని మూడోసారీ వచ్చినాడు.
"పన్ను పెంచుతారని ఆయన భయం మేడం."

ఆ సాయంత్రం ఊరికే ఉండలేక
ఫారం వెనకపక్క పెన్సిలుతో రాసినా.
నోటరీకి మున్నూరు.
స్టాంపు పేపరు, జెరాక్సు, ఫోటో కలిపి నూట ఎనభై.
బస్సు, మూడుసార్లు.
పల్పు ఫ్యాక్టరీ గేటు కాడ క్యూలో పోగొట్టుకున్న వంతు ఒకటి,
ఆ వంతు మళ్ళా వచ్చేలోపల
ఎండకి మెత్తబడిన కాయ టన్నున్నర.
అది ఏ రైతు కాయో, ఆయనకెంత తెగిందో
అడగలేదు.

ఇట్లాంటోళ్ళు జిల్లాలో ఎంతమంది?
నొక్కితే కంప్యూటరు చెప్తుంది.
నొక్కలేదు.

సూపరింటెండెంటు దొరస్వామి సారు
కాగితం తిప్పి చూసి నవ్వినాడు.
కోపం కాదు, అలిసిపోయిన నవ్వు.
"లెక్క బాగానే వేసినావమ్మా.
అయితే ఇది మన ఖర్చు కాదు కదా,
దీనికి హెడ్డాఫ్ అకౌంటు యాడుంది?"
రబ్బరు ఆయనే ఇచ్చినాడు.

తుడిచినా. సీసం పోయింది గానీ
ఒత్తి రాసినాను గదా,
ఇవతలిపక్క మొత్తం వేసిన చోట
కాగితం సన్నంగా ఉబ్బి ఉండింది.
వేలికి తగిలింది. కంటికి ఆనలేదు.
అట్లే పంపించినా.

శ్రావణంలో ఇంకో కాగితం.
ఆ నిబంధన ఎత్తేసినాము,
దీనివల్ల ఆదా ఎంతో సోమవారం లోపల...
బీరువాలు వాపసు తీసుకోరు అని రాసినా.
ఒకదాంట్లో ఇప్పుడు క్యారియర్లు పెట్టుకుంటాం.
రెండోదాని తాళంచెవి ఇంకా దొరకలా.

మొన్న దర్గా సర్కిల్లో
చెంగల్రాయుడు టెంపో ఆపినాడు.
సీటు కింద నుంచి నోటరీ కాగితం తీసినాడు,
ప్లాస్టిక్ కవరు వేయించినాడు దానికి.
"ఇది ఇప్పుడు అక్కర్లేదంట కదా మేడం?
ఉండనీ. పాత లైసెన్సులో ఉండే జూలై ఒకటే
ఆయనా వేసినాడు.
ఇన్నాళ్ళూ అది నా తేదీ అనుకోలేదు నేను.
ఎర్రముద్ర పడినాక మా పాప కేకు కొనుక్కొచ్చింది.
యాభై యేండ్లకి, చూడు."

జూలైలో ఎవరూ గానుగ ఆడరు.
నాకు తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు.
కేకు ఎంతయింది అని
అడగబోయి,
వెనక బస్సు హారన్ కొడితే
పక్కకి జరిగినా.