తాళం లేని చెవి

విల్లా తాచితాలో గదులు నలభై మూడు.
నన్నడక్కండి, నా మోకాళ్లనడగండి.
బ్రెంతా కాలువ ఒడ్డున, ముప్పై ఒక్కేళ్లుగా,
పొద్దున కిటికీలు తెరిచేదీ
సాయంత్రం మూసేదీ నేనే,
ఎర్మేతేని, కాపలావాణ్ణి.

మార్చిలో వచ్చింది ఇల్దెగార్దా, త్రియెస్తే నుంచి,
మడత కుర్చీ, రంగుల పెట్టె, రొంప.
"ఈ ఇంటిని గీస్తాను" అంది.
గీసుకోమన్నాను. ఎవరొద్దన్నారు?
వచ్చిన ప్రతివాళ్లూ ముందు మెట్లు గీస్తారు,
ఆ రెండు రాతి సింహాల్నీ గీస్తారు,
ముక్కు విరిగినదానికి ముక్కు పెట్టి మరీ.

ఈమె అలా కాదు.
మొదటి బొమ్మలో నాట్యశాల నిండా నీళ్లు.
షాండ్లియర్ కింద పడవ. పడవలో
నిమ్మచెట్టు కుండీ ఒక్కటే కూర్చుని
ఎవరికోసమో చూస్తోంది.
రెండోదాంట్లో మెట్లు మేడ మీదికి ఎక్కీ ఎక్కీ
మళ్లీ బొగ్గుల కొట్లోకే దిగాయి.
మూడోదాంట్లో కిటికీ అవతల సముద్రం.
"అమ్మా, సముద్రం ఇక్కడికి ఇరవై కిలోమీటర్లు" అన్నాను.
"కిటికీకి ఆ సంగతి తెలీదుగా" అంది, ముక్కు చీదుకుంటూ.

లేని ఊళ్లకు పేర్లు కూడా పెట్టేది:
సాంతా నెబ్బియా, వెంతోరోస్సో.
"సాంతా నెబ్బియాకు బస్సెన్నింటికి?" అని వేళాకోళమాడితే
"ఆదివారాలు లేదు" అనేది, తల తిప్పకుండా.

నాలుగో బొమ్మ దగ్గర నా నవ్వు ఆగింది.
ఎత్తైన గది. పైకప్పు ఉండాల్సిన చోట ఆకాశం.
ఆకాశానికి అడ్డంగా తాడు కట్టి
తెల్ల దుప్పట్లు ఆరేసి ఉన్నాయి,
ఇంకా నీళ్లోడుతూ.
కింద పాలరాతి మీద తడి పాదాల గుర్తులు,
ఆడమనిషివి,
కుడి పాదం కాస్త పక్కకి వాలినవి.

నివెస్ నడక అలాగే ఉండేది.
పందొమ్మిదేళ్లు ఆ కాలువ రేవులో
ఈ ఇంటి దుప్పట్లు బాదీ బాదీ
ఒక్కసారీ ముందు మెట్లెక్కలేదు నా భార్య.
పనివాళ్ల మెట్లు వేరు.
చేతులకి చివరిదాకా సబ్బు వాసనే,
శవపేటికలో కూడా.
ఈ సంగతి నేను ఇల్దెగార్దాకి చెప్పలేదు.
ఒట్టు. కాఫీ ఇచ్చేటప్పుడు కూడా చెప్పలేదు.

"ఇదే గది?" అన్నాను.
"నలభై నాలుగోది."

ఆ రాత్రి టార్చి పట్టుకుని లెక్కపెట్టాను.
గోడలు తట్టాను: ఎలుకలు.
చిలకల గోడకాగితం వెనక చెయ్యి పెట్టాను: చెమ్మ.
మళ్లీ లెక్కపెట్టాను, ఈసారి చివర్నుంచి.
నలభై మూడే.

నా గుత్తిలో ఒక తాళంచెవి ఉంది.
పాత కాపలావాడు నాకిచ్చినప్పుడే ఉంది,
వాడికిచ్చినవాడి దగ్గరా ఉందట.
దేనికీ పట్టదు. పారెయ్యడానికి చెయ్యి రాదు.
అడుగేసినప్పుడల్లా నా తొడకు కొట్టుకుంటూ
తాళం లేని చెవి,
ఏం వింటూ ఉందో అన్నాళ్లూ.

తెల్లారి తీసి ఆమె రంగుల పెట్టె మీద పెట్టాను.
ఏమీ అనలేదు. తిప్పి చూసింది. పళ్లు లెక్కపెట్టింది.
నీలంలో కాస్త తుప్పురంగు కలిపి
దుప్పట్ల గదికి ఒక తలుపు గీసింది,
తలుపుకి చిన్న నల్లటి బెజ్జం.

చూసి ఊరుకోవచ్చు.
ఊరుకోలేకపోయాను.
"ఎడమవైపు పెట్టారు. ఈ ఇంట్లో తాళాలన్నీ కుడివైపు."
"ఈ ఇంట్లో" అంది ఆమె.

బొమ్మ ఇప్పుడు తోరినోలో ఎవరింట్లోనో ఉంది.
చెవి ఆమె దగ్గరే ఉండిపోయింది.
గుత్తి తేలికైంది గానీ తొడ మీద మచ్చ పోలేదు.
టికెట్టు కొన్నవాళ్లకు నలభై మూడనే చెబుతాను,
ఉద్యోగం కదా.

ఒక్కో సాయంత్రం, అన్నీ మూసి వస్తుంటే,
ముందు మెట్ల మీద తడి పాదాల గుర్తులుంటాయి.
వాన పడ్డ రోజున అవి నావే అనుకుని తుడిచేస్తాను.
పడని రోజున తుడవను.