సరిచూచినవారు

కందుకూరు కోర్టు రికార్డు గదికి
కిటికీ ఒకటే, అదీ పడమటికి.
మూడు దాటితే గానీ
చచ్చిపోయిన జడ్జీల మీద ఎండ పడదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా వాళ్ళకు నకళ్ళు రాస్తున్నాను.
మొహాలు తెలియవు, చేతిరాతలు తెలుసు.
నెల్లూరులో కూచుని అప్పీళ్ళు తేల్చిన దొర పేరును
చెదలు తినేశాయి.
చివర 'టన్' అనే ముక్క మిగిలింది.
ఆ ముక్కే ఇప్పటికీ దావాలు కొట్టేస్తోంది.
ఊదా సిరా మున్సబు గారికి పొడుం అలవాటు,
'అందుచేత' అన్న ప్రతిచోటా ఒక తుమ్ము మరక.
ఇంకొకాయన ఏ తీర్పయినా
లండన్‌లో ఏదో సందు నుంచి మొదలుపెడతాడు:
ఫలానా రాజు కాలంలో ఒక కసాయి గోడ లేపితే
పక్కింటి వితంతువుకు వెలుతురు పోయిందట.
ఆ వెలుతురు
ఓడెక్కి, మద్రాసులో దిగి,
గూడూరు మీదుగా సింగరాయకొండ దాకా రైల్లో వచ్చి,
ఒంటెద్దు బండిలో కునుకుతీస్తూ కందుకూరు చేరి
మా తాటితోపుల తగాదాల మీద పడింది.

కుర్రతనంలో నవ్వుకునేవాణ్ణి.
ఇప్పుడు నవ్వురాదు.
వాళ్ళ చట్టం కూడా పుస్తకంలో పుట్టలేదు.
ఒకడు తొక్కినచోటే ఇంకొకడు తొక్కి,
గడ్డి చచ్చి, నేల గట్టిపడి,
అట్లా పడింది. మన డొంకల్లాగే.

పోయిన సోమవారం ఒక పిల్ల వచ్చింది,
చెంబేటి మస్తానమ్మ, ఉలవపాడు కింద యానాది పాలెం.
రొయ్యల గుంటలవాళ్ళు ఏటి బాట మూసేశారట.
ఇనప గేటు, గేటుకు తాళం,
తాళం మీదికి ఒక కెమెరా.
"మా జేజి ఈ బాట కోసమే కోర్టుకెక్కిందంట సార్,
తీర్పు కాయితముంటే ఇయ్యండి."
నంబరు తెలీదు. సంవత్సరం తెలీదు.
"పెద్ద గాలివాన అయినాక" అంది.

నాలుగు రోజులు దుమ్ము తిన్నాను.
నెల్లూరు జిల్లాలో పుట్టిన కట్ట అది,
ప్రకాశానికి పోయింది, మళ్ళీ నెల్లూరుకొచ్చింది,
అల్మారా దిగకుండానే.
మారింది గోడ మీద బోర్డు.

తుమ్ముల మున్సబు గారి తీర్పు, ఇంగ్లీషులో, అరపేజీ:
సాక్షికి ఏళ్ళ లెక్క తెలియదు,
ఇరవై ఏళ్ళ వాడుక రుజువు కాలేదు,
అందుచేత (మరక)
దావా కొట్టివేయడమైనది.

దాని కింద వాంగ్మూలం, తెలుగులో,
నాలాంటి గుమాస్తా ఎవరో రాసింది:
"నాకు లెక్కలు రావు సామీ.
మాయమ్మ చంకన బడి పొయినా,
మాయమ్మను పాడె మీద మోసకపొయినా
ఆ బాటనే.
చీకట్లో అయినా కాలికి తెలుసు.
కాలినడుగు."

కాలిని ఎవరూ అడగలేదు.
ఇంగ్లీషులోకి ఆ మాట ఎక్కనేలేదు.
గుమాస్తా ఎందుకు రాశాడో మరి,
వదిలేసినా జీతం కోసేవాళ్ళు కాదు.

వకీలు గారికి చూపించాను.
"రెండువైపులా కోసే కత్తయ్యా ఇది,
ఓడిపోయిందని వాళ్ళంటారు,
అప్పటికే బాట ఉందని మనమంటాం" అని
కళ్ళజోడు తుడుచుకున్నాడు.

తప్పుంటే తప్పునే ఎక్కించాలి, అది నా ఉద్యోగం.
'ఏళ్ళ లెక్క తెలియదు' అని శుభ్రంగా ఎక్కించాను.
మస్తానమ్మ అడిగింది తీర్పొక్కటే.
వాంగ్మూలానికి వేరే దరఖాస్తు, వేరే స్టాంపు.
ఆ దరఖాస్తు నేనే రాసి, ఆమె చేత సంతకం పెట్టించాను.
ఈ గదిలో నేను సొంతంగా రాసిన వాక్యాలు
అవి నాలుగే.

నకలు చివర మూడు గళ్ళుంటాయి:
రాసినవారు, చదివినవారు, సరిచూచినవారు.
మొదటి గడిలో నా పొట్టి సంతకం.
మిగతా రెండూ నిండేలోగా
ఆ పిల్ల బల్ల మీదికి వంగి
వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, పైకే చదివింది.
'కాలినడుగు' దగ్గర ఆగింది.
వెనక్కి పోయి మళ్ళీ చదివింది.

బయట బంట్రోతు
ఎవరి పేరో మూడోసారి పిలుస్తున్నాడు.